మా మైదానం తీసిన వికెట్లు

మా ఊరి మైదానంలో నా బంతికి ఔట్ కాకుండా పోయినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఉన్నమాటే చెబుతున్నాను. హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో, కరీంనగర్ జిల్లాలోని మా నేతకార్ల ఊరికి ఏ టీము ఆడటానికి వచ్చినా, పొద్దుగూకే వేళకు సగానికి పైగా వికెట్లు నావే అయ్యేవి. చౌరస్తాలో చాయ్ హోటలు ముందు కూర్చునే పెద్దమనుషులకు క్రికెట్ అంటే ఏమిటో తెలియదు. అయినా "ఇయ్యాల ఎందరిని వడగొట్టినవ్‌రా?" అని అడగడం మాత్రం తెలుసు. నేను నోరు తెరిచి జవాబు చెప్పేవాణ్ణి కాదు. చేతివేళ్ళు చూపించి, మీసం సవరించుకొని వెళ్ళిపోయేవాణ్ణి. అప్పటికి ఆ మీసం సరిగా రానే లేదు, అది వేరే సంగతి.

నాకు ఇరవై ఏళ్ళు దాటాయి. వారమంతా మా నాన్న, మేం బాపు అంటాం, ఆయన మగ్గం పక్కనే నా మగ్గం. ఐతారం, అదే ఆదివారం, మధ్యాహ్నం మాత్రం ఆట. మా టీములో సగం మంది మా నేతవాడ వాళ్ళు, సగం మంది బజారు వాళ్ళు. కెప్టెన్ బజారులో బట్టల దుకాణం సాయిబు కొడుకు. హైదరాబాదులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటూ, చదువు సగంలో వదిలి, ఆట మాత్రం పూర్తిగా నేర్చుకొని వచ్చాడు. మా అందరికీ బ్యాటు పట్టుకోవడం నేర్పింది అతనే. వికెట్ల వెనక కూర్చొని కీపింగ్ చేసేదీ అతనే. నా బంతికి ఎవడైనా ఔటైతే, "క్యా డాలా రే! ఏం వేసినవ్‌రా!" అని మైదానం దద్దరిల్లేలా అరిచేది కూడా అతనే.

మైదానం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక కొసన మా నేతవాడ ఇళ్ళు, రెండో కొసన వాగు. మధ్యలో ఉన్న ఖాళీ జాగా ఆటకంటే ముందు మా పనికి పుట్టింది. తెల్లవారగానే మా వాళ్ళు అక్కడ పడుగులు చాచేవారు. మగ్గానికి ఎక్కించబోయే నూలుపోగులన్నిటినీ ఇళ్ళ దగ్గర నుంచి వాగు దాకా నిలువునా సాగదీసి, కర్రల మీద నిలబెట్టి, గంజి పెట్టి, పెద్ద కుంచెలతో దువ్వేవారు. గంజి పట్టకపోతే నూలు మగ్గం మీద పుటుక్కుమని తెగిపోతుంది. ఎండ ముదిరేలోపు పడుగు ఆరాలి, చుట్టాలి, ఇంటికి చేర్చాలి. మధ్యాహ్నం మేము వచ్చేసరికి జాగా ఖాళీగా ఉండేది. గంజి కుండ పెట్టే చోట, అంటే ఇళ్ళ వైపు వికెట్లకు కొంచెం ముందు, నేల మీద తెల్లటి పెచ్చు ఒకటి మిగిలేది. దాని మీద చీమలు, అప్పుడప్పుడు కాకులు. మా వాడలో ఎక్కడ చూసినా గంజి మరకలే కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మైదానానికి ఒక పక్కన రంగులు అద్దేవాళ్ళ పెరడు ఉండేది. చిన్న గోడ, గోడ వెనక నూలుకు రంగు వేసే కాగులు. బంతి కాగులో పడితే నీలంగానో ఎర్రగానో మారి వచ్చేది, దానికి తోడు ఆ ఇంటామె తిట్లు. అందుకని మా కెప్టెన్ ఒక కానూను పెట్టాడు: బంతి రంగుల పెరట్లో పడితే కొట్టినవాడు ఔట్. ఇంక ఆ వైపు ఎత్తి కొట్టే ధైర్యం ఎవడికుంటుంది? పరుగులు రావాల్సిన పక్క అలా మూసుకుపోయింది.

నేను ఎప్పుడూ వాగు వైపు నుంచి పరుగెత్తుకొచ్చి బంతి వేసేవాణ్ణి. నా బంతి సరిగ్గా ఆ తెల్ల పెచ్చు మీదే పడేది. పడిందంటే లేవదు. నేలకు అంటుకొని జర్రున జారి బ్యాటు కింద నుంచి దూరి స్టంపులు ఎగరగొట్టేది. వచ్చినవాడు మోకాలి ఎత్తున బ్యాటు ఊపి, వెనక్కి తిరిగి చూసి, నోరు తెరిచి నిలబడేవాడు. మా వాళ్ళు మాత్రం అటువైపు ఆడేటప్పుడు బ్యాటు నేలకు ఆనించే ఉంచేవారు. ఎందుకురా అంటే అలవాటు అనేవారు. బంతి జారడం నా మణికట్టు మహిమ అని నేను నమ్మాను. నా మణికట్టు మీద నాకున్న భక్తి వేములవాడ రాజన్న మీద కూడా ఉండేది కాదేమో.

ఇతర ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఆ మహిమ ఎందుకో మాతో బస్సెక్కేది కాదు. చొప్పదండిలో ఒకే ఒక్క వికెట్ పడింది. అక్కడ అంపైరు వాళ్ళ మనిషి అన్నాను. హుస్నాబాద్‌లో అదీ లేదు. అక్కడ ఎండ కళ్ళలో పడింది. వేములవాడలో ఆటకు ముందు దర్శనం చేసుకొని పులిహోర ప్రసాదం కాస్త ఎక్కువగా తిన్నాను. దేవుడి ప్రసాదాన్ని తప్పుపట్టలేం కదా, కడుపును తప్పుపట్టాను. మా కెప్టెన్ అన్నిటికీ తల ఊపేవాడు. మంచివాడు.

మా బాపుకు ఈ ఆట కంటగింపు. కనీసం మాటల్లో అలాగే ఉండేది. "ఐతారం ఐతారం గా కట్టెల మధ్యల ఉరుకుడేందిరా? గంతసేపు మగ్గం మీద గూసుంటే ఒక చీరన్న దిగకపోవునా?" అనేవాడు. నేను ఎదురు చెప్పేవాణ్ణి. మా అమ్మ, అవ్వ అనేవాళ్ళం, మధ్యలోకి వచ్చేది. అవ్వకు ఆ రోజుల్లో బాపు మీద వేరే ఫిర్యాదు ఒకటి ఉండేది. పడుగుకు పెట్టగా మిగిలిన గంజి మా బర్రెకు పోయాలి. కొన్నాళ్ళుగా, అందులోనూ ఐతారాలు, కుండ ఖాళీగా ఇంటికి వచ్చేది.

"గంజేదయ్యా? బర్రె మొత్తుకుంటుంది," అనేది అవ్వ.

"కుక్కలు తాగినయ్," అనేవాడు బాపు.

"గా కుక్కలను నాకు జర చూపియ్యి, పాలు పిండుకుంట."

ఇలా రోజులు గడుస్తుండగా కరీంనగర్ నుంచి కబురు వచ్చింది. ఆదిలాబాదు వాళ్ళతో ఆడటానికి జిల్లా టీము ఒకటి కడుతున్నారు. అక్కడి బడి డ్రిల్లు సారు ఆటగాళ్ళను పరీక్షించి ఎంచుతాడు. నేను తీసిన వికెట్ల లెక్క ఆ నోటా ఈ నోటా ఆయన చెవిన పడిందట. "గా పిలగాన్ని పంపుండ్రి," అన్నాడట. కెప్టెన్ ఈ మాట మా ఇంటికి వచ్చి, బాపు ముందే చెప్పాడు. నేను మగ్గం గుంతలోంచి ఒక్క గెంతు గెంతాను.

బాపు పని ఆపలేదు. మగ్గం మీద పోగును మోసే నాడె అటు ఇటు పోతూనే ఉంది. ఆఖరికి చేయి ఆపి నా వైపు చూశాడు.

"సరే పో. జిల్లా టీముల నీ పేరొస్తే ఐతారం నీది, నేనొక్క మాటనను. రాకపోతే బంతి నా చేతుల వెట్టాలె. మళ్ళ ఆట మాటెత్తద్దు. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటున్న," అన్నాను. ఒప్పుకోకేం? ఓడిపోయే పందెం అయితే కదా ఆలోచించడానికి!

ఆ వారమంతా బాపు ముఖంలో ఒక వెలుగు ఉంది. దానికి కారణం ఏమిటో నాకు తెలియలేదు. అవ్వతో, "పోరడు గట్టోడే, చూడు," అని మెల్లగా అనడం ఒకసారి విన్నాను. నేను విన్నానని తెలిసి వెంటనే దగ్గాడు.

కెప్టెన్ తోడు వచ్చాడు. కరీంనగర్ మైదానం మా దానిలా లేదు. ఎంత దూరం చూసినా గోడ లేదు, కాగుల్లేవు, తిట్టే ఆడమనిషి లేదు. మధ్యలో నేల మీద జనపనార చాప పరిచి, నాలుగు వైపులా మేకులు కొట్టి బిగించారు. దాని మీదే బంతి వేయాలట. నేను పోయి చెప్పు తీసి కాలితో తడిమి చూశాను. గరుకుగా ఉంది. ఏముందిలే, నా మణికట్టు నా దగ్గరే ఉంది కదా అనుకున్నాను.

నా ఎదుట కొత్తగా కోర్టుకు వెళ్తున్న ఒక కుర్ర వకీలు నిలబడ్డాడు. తెల్ల ప్యాంటు, నూనె రాసిన జుట్టు. వీణ్ణి ముందు పంపించేస్తానని పరుగెత్తుకొచ్చి వేశాను. బంతి నేను అనుకున్న చోటే పడింది. కానీ జారలేదు. చాప మీద తపుక్కున పడి, బుద్ధిగా నడుము ఎత్తుకు లేచి, వడ్డించిన విస్తరిలా అతని ముందు నిలబడింది. అతను దాన్ని రంగుల పెరడు ఉండాల్సిన వైపుకు లేపి కొట్టాడు. అక్కడ పెరడు లేదు కాబట్టి ఔట్ కాలేదు, నాలుగు పరుగులు వచ్చాయి. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే వైపు. మణికట్టు తిప్పాను, నడుం వంచాను, పళ్ళు కొరికాను. నాకు కోపం వచ్చినకొద్దీ అతనికి పరుగులు వచ్చాయి. మధ్యలో ఒకసారి నా మీద జాలిపడ్డట్టు నవ్వాడు కూడా. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం డ్రిల్లు సారు భుజం మీద చేయి వేసి చెప్పాడు. "గురి మంచిగున్నది బిడ్డా. ఎక్కడ వెయ్యాలనుకుంటే అక్కడ్నే ఏస్తున్నవ్. గని బంతిల ఏం లేదు. నేల మీద వడ్డంక అది ఏం జేస్తలేదు." ఆయన నింపాదిగానే చెప్పాడు. నాకు మాత్రం వాగులో దూకాలనిపించింది. కరీంనగర్‌లో మా వాగు కూడా లేదు.

తిరుగు బస్సులో కెప్టెన్ నా పక్కన, కిటికీ వైపు కూర్చున్నాడు.

"భాయ్, ఒకటి చెప్త, గుస్సా జెయ్యకు," అన్నాడు. "మన దగ్గర నీ బాలు పాకుతది. వేరే ఊర్ల లేస్తది. ఎండ అన్నవ్, అంపైర్ అన్నవ్, పులిహోర అన్నవ్. గని అన్ని ఊర్లల్ల నువ్వు నువ్వే గద. మారింది నేల."

"నేలకేముందిర మన దగ్గర?"

"నేను కీపింగ్ జేస్త గద, దగ్గరికెల్లి చూస్త. నీ బాలు తెల్లగున్న జాగల వడ్తది. గంజి ఎండి అద్దం లెక్క అయితది గాడ. బాలు జారుతది. పక్కకు కొడ్దామంటె కాగులున్నయ్. పాపం, వచ్చినోడు యాడికి పోతడు?"

నాకు పిచ్చికోపం వచ్చింది. నువ్వు కెప్టెన్‌వా, పగవాడివా అని అరిచాను. బస్సులో జనం తిరిగి చూశారు. కానీ అరుస్తూ ఉండగానే, బ్యాటు నేలకు ఆనించి ఆడే మా వాళ్ళంతా వరసగా కళ్ళ ముందుకు వచ్చారు. ఇన్నాళ్ళూ నేను చూపించిన వేళ్ళలో నావి ఎన్ని, గంజివి ఎన్ని? దిగేటప్పుడు కెప్టెన్, "ఫికర్ జెయ్యకు," అన్నాడు. నేను బంతిని జేబులో కుక్కుకొని ఇంటి దారి పట్టాను.

ఇంటికి వచ్చేసరికి దీపం పెట్టారు. బాపు మగ్గం మీదే ఉన్నాడు. నన్ను చూడగానే నాడె ఆపాడు.

"ఏమాయెరా?"

నేను జేబులోంచి బంతి తీసి ఆయన చేతిలో పెట్టాను. అడుగుతాడనుకున్నాను, తిడతాడనుకున్నాను. ఆయన బంతిని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"నేను బౌలర్‌నే గాను బాపూ! మన గంజి తీసింది వికెట్లన్ని. గాడ గంజి పెచ్చు మీద వడి బంతి జారుతదట. కరీంనగర్‌ల గంజి లేదు, నాకు వికెట్ లేదు. అంతే," అన్నాను.

బాపు ముఖం వాడిపోయింది. కాళ్ళు గుంతలోంచి బయటికి తీశాడు, మళ్ళీ లోపల పెట్టాడు.

"గంజి నేనే పోసిన్‌రా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఎన్నడో ఒకనాడు చెయ్యి జారి కుండ వొరిగింది. గా మాపటికి నువ్వు బంతేస్తే కట్టెలు ఎగిరిపడ్డయ్. అందరు నిన్ను ఎత్తుకున్నరు. నేను ఇంటి గడప కాన్నుంచి చూసిన, తర్వాత మన ఊర్ల ప్రతి ఆట సుత గాన్నుంచే చూసిన. అప్పటి సంది, ఐతారం పొద్దున మిగిలిన గంజంత గాన్నే పారపోస్తున్న. కుంచెతోని సాపు జేసి మరీ పోసిన. గంజి వెడితే నూలుకు బలమొస్తది గద, నీ బంతికి సుత వస్తదనుకున్న. నీకు సాయమైతదనుకున్న గని, గిట్ల చెడగొడ్తననుకోలేదు బిడ్డా."

పొయ్యి దగ్గర నుంచి అవ్వ తల బయటికి పెట్టింది. "అంటే కుక్కలు తాగలే!" అంది.

నాకు మొదట కోపం వచ్చింది, ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశాడని. అది సగం దాకా వచ్చి, ఈ మనిషి ఐతారం పూట వంగి, కుంచె పట్టుకొని, కొడుకు వికెట్ల కోసం నేలకు గంజి పెడుతున్న దృశ్యం కళ్ళ ముందు కదలగానే అక్కడే ఆగిపోయింది. తర్వాత నవ్వు వచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. కట్టెల మధ్య ఉరుకుడని తిట్టే మనిషి నా ఆట ఒక్కటి కూడా వదలకుండా చూశాడు. నాకు అంత ప్రేమ అప్పటిదాకా కనబడనే లేదు. ఆ రాత్రి బంతి గోడ గూట్లోకి పోయింది. ఒప్పుకున్నదానికి ఇద్దరం కట్టుబడ్డాం.

మరుసటి ఐతారం నేను ఆటకు పోలేదు, మగ్గం మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం బయట పెద్ద గొడవ వినిపించి వెళ్ళి చూశాను. బాపు పార పట్టుకొని మైదానంలో తెల్ల పెచ్చునంతా చెక్కేస్తున్నాడు. పక్కన నీళ్ళ బిందె. మా కెప్టెన్ ఆయన చుట్టూ తిరుగుతూ మొత్తుకుంటున్నాడు.

"చాచా, గిదేం పని? గది మన ఊరి బలం! వేరే ఊరోళ్ళను ఎట్ల గెలుస్తం?"

"బలం నేలల ఉంటే నా కొడుకుతో పనేమున్నది? పక్కకు జరుగు," అన్నాడు బాపు.

చెక్కడం అయ్యాక నీళ్ళు చల్లి, మట్టి పోసి, కాలితో తొక్కాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి మడిచిన ధోవతి కొంగులోంచి బంతి తీసి ఇచ్చాడు. "ఇప్పుడెయ్యి," అన్నాడు. పందెం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వేశాను. మా మైదానంలో కూడా నా బంతి బుద్ధిగా నడుము ఎత్తుకు లేచింది. మా వాళ్ళలో బ్యాటు పట్టుకోవడం సరిగా రానివాడు కూడా నన్ను ఉతికి ఆరేశాడు. అలా ఎన్నో ఐతారాలు గడిచాయి. చాయ్ హోటలు ముందు పెద్దమనుషులు అడగడం మానేశారు. నేను వేళ్ళు జేబులో పెట్టుకొని పోయేవాణ్ణి.

ఆ వేళ్ళకు దారి మగ్గం మీద దొరికింది. తెగిన పోగును అతకాలంటే బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి చటుక్కున మెలేయాలి. పుట్టినప్పటి నుంచి చేస్తున్న పని. ఒకరోజు అతుకు వేస్తూ ఆగిపోయాను. బంతి వదిలేటప్పుడు ఇదే మెలిక వేస్తే? సాయంత్రం పెరట్లో గోడకు వేసి చూశాను. మొదట బంతి కోళ్ళగూటిలోకి పోయింది. కొన్నాళ్ళకు, నేల తాకాక ఒక జానెడు పక్కకు తిరగడం మొదలుపెట్టింది. గురి ఎలాగూ ఉంది. డ్రిల్లు సారు మాట వృథా పోనివ్వకూడదని పట్టు పట్టాను.

చొప్పదండి వాళ్ళు మా ఊరికి ఆడటానికి వచ్చారు. ఇదివరకు మా దగ్గర స్టంపులు పోగొట్టుకున్నవాళ్ళే కాబట్టి, అందరూ బ్యాట్లు నేలకు ఆనించి నిలబడ్డారు. చాలాసేపు నాకు ఏమీ దక్కలేదు. బాపు ఈసారి గడప దగ్గర దాక్కోలేదు, మైదానం అంచున గంజి కుండ పక్కన పెట్టుకొని బహిరంగంగా కూర్చున్నాడు. వాళ్ళలో అందరికంటే బాగా ఆడే బడిపంతులు ఎదురుగా వచ్చాడు. నేను పరుగెత్తుకొచ్చి, పోగు మెలేసినట్టు మెలేసి వదిలాను. బంతి లేచింది, ఆయన బ్యాటు ఎత్తేలోపు లోపలికి తిరిగింది, మధ్య కట్టె పడిపోయింది. కెప్టెన్ అరుపుకు రంగుల పెరటి ఆడమనిషి గోడ మీంచి తొంగి చూసింది.

అందరూ నా వైపు ఉరికారు. బాపు మాత్రం నేరుగా బంతి పడిన చోటికి నడిచాడు. అక్కడ వంగి కూర్చున్నాడు. చిటికెడు మట్టి తీసి, పొద్దున్నే గంజి చిక్కదనం చూసేటట్టు, రెండు వేళ్ళ మధ్య పెట్టి నెమ్మదిగా రుద్దాడు. ఆటంతా ఆగి ఆయన వైపే చూస్తోంది. మళ్ళీ ఇంకో చిటికెడు తీసి రుద్దాడు.

"గంజి లేదు," అన్నాడు లేచి, నా వైపు చూసి. "గిది నీదేరా."

అని, వేళ్ళు ధోవతికి తుడుచుకొని, నిండు కుండ పట్టుకొని ఇంటి వైపు నడిచాడు. ఆ రోజు మా బర్రె కడుపు నిండా గంజి తాగింది.